ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌పై ఆదాయం సంపాదించడం ఎలా?

భీమవరం, ఆకివీడు పరిసరాల రొయ్యల చెరువులకు మేత, కౌంటు, నీటిలోని ఆక్సిజన్, పట్టుబడి లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్‌ను మీరు జీపీఎల్ లైసెన్సుతో (ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు; మార్చి పంచితే అదే షరతుతో పంచాలి) విడుదల చేశారనుకుందాం. అమలాపురంలో ఒకరు తెలుగు పదాలు సరిదిద్దారు, కైకలూరులో మరొకరు చేపల చెరువులకు పనికొచ్చేలా మార్చారు. ఇప్పుడు దాని మీద జీతాలు గడవాలి.

జీపీఎల్ అమ్మకాన్ని నిషేధించదు. అయితే కొన్నవారికి సోర్సుతో (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడుతో) పాటు పంచే హక్కు కూడా వెళుతుంది కాబట్టి, మొదటి కొనుగోలుదారు రెండోవారికి ఉచితంగా ఇచ్చినా మీరు అడ్డు చెప్పలేరు. కాపీకి పెట్టిన ధర అందుకే నిలవదు. కాలువ నీటికి వెల కట్టినవాడిని మన ఊళ్లు సహించవు గాని, మెరక చేనుకు ఇంజను పెట్టి నీరు తోడిపెట్టినవాడికి అద్దె ఇవ్వడానికి ఎవరూ గొణగరు. మీరు అమ్మవలసింది ఆ ఇంజను పనినే: సర్వరు నడపడం, బ్యాకప్‌లు చూడటం, చెరువు గట్టు మీద సెన్సర్లు కలపడం, గుమస్తాలకు నేర్పడం, పట్టుబడి రాత్రి ఫోను ఎత్తడం. ముంబైకి చెందిన ఫ్రాపే సంస్థ ఈఆర్‌పీనెక్స్ట్ అనే వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను జీపీఎల్ కిందనే ఉంచి, దాని హోస్టింగుకు, అంటే సర్వర్లపై నడిపిపెట్టినందుకు, రుసుము తీసుకుంటోంది.

అసలు చిక్కు కాపీరైటు దగ్గర వస్తుంది. ఎవరు రాసిన కోడుపై హక్కు వారిదే. లైసెన్సు మార్చుకునే అధికారం మీకిస్తూ వారు సంతకం చేస్తే, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కంపెనీ చేసినట్టు, ఒకే కోడును జీపీఎల్ కింద ఉచితంగానూ, తమ సోర్సు బయటపెట్టడం ఇష్టంలేని కంపెనీలకు వాణిజ్య లైసెన్సు కిందనూ ఇవ్వవచ్చు. కానీ రేపు తలుపు మూయడానికీ ఆ కాగితమే చాలు, ఆ సంగతి రాసేవారికి తెలుసు. 2023 ఆగస్టులో హాషికార్ప్ కంపెనీ, క్లౌడ్ సర్వర్లను ఏర్పాటు చేసే తన టెర్రాఫార్మ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సును బిగించగానే, సెప్టెంబరుకల్లా ఆ కోడు నుంచి వేరుపడ్డ శాఖ ఓపెన్‌టోఫు పేరుతో, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను పోషించే లినక్స్ ఫౌండేషన్‌లో చేరింది. 2024 మార్చిలో డేటాబేస్ కంపెనీ రెడిస్ అదే పని చేస్తే, దాని కోడు నుంచి వాల్కీ అనే శాఖ పుట్టింది. 2025లో రెడిస్ ఏజీపీఎల్ అనే, జీపీఎల్‌కు దగ్గరి ఉచిత లైసెన్సును కూడా ఇచ్చింది గాని, వెళ్లినవారు అప్పటికే వేరే కాపురం పెట్టేశారు.

పెద్ద క్లౌడ్ కంపెనీ మీ కష్టాన్ని తన సర్వర్లలో పెట్టి అమ్ముకుంటుందన్న భయముంటే, ఇతరుల కోడు కలవకముందే ఏజీపీఎల్ ఎంచుకోండి. దాని ప్రకారం, కోడును మార్చి నెట్‌వర్కులో సేవగా ఇచ్చేవారు ఆ మార్పుల సోర్సును వాడుకరులకు ఇవ్వక తప్పదు. హక్కులు రాయించుకోకుండా, ఈ కోడును ఇచ్చే అధికారం తనకుందని ప్రతి ఒక్కరి చేత ధ్రువీకరణ మాత్రం తీసుకోండి. దీనివల్ల రెండు లైసెన్సుల దారి మూసుకుపోతుంది. నా దృష్టిలో అది భరించదగ్గ నష్టమే.

ఉచిత భాగంలో ఉన్నదేదీ తరువాత రుసుము కిందకు తేకండి. ముఖ్యంగా రైతు తన లెక్కలను బయటకు తీసుకునే సౌకర్యానికి ధర పెట్టకండి: చెరువుకు తెల్లమచ్చ వ్యాధి సోకిన రోజున అతను ఆ లెక్కలను టెక్నీషియనుకు చూపించాలి, అప్పుడు మీ తెర డబ్బు అడిగితే సాయంత్రానికి ఆ మాట టీ కొట్టు దాటి జిల్లా దాటుతుంది. భద్రతా సవరణలు కూడా ఉచితంగా వాడేవారికీ, డబ్బు కట్టేవారికీ ఒకే రోజున అందాలి.

పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించండి. కోడు తీసుకున్నవారు తమ ఉత్పత్తికి వేరే పేరు పెట్టుకోవాలని, అయితే మీ సాఫ్ట్‌వేర్‌ను అమర్చిపెడతామని ఎవరైనా బోర్డు కట్టుకోవచ్చని ముందే రాసిపెట్టండి.

చందా విషయానికొస్తే, నెలవారీ బిల్లు ఇక్కడ కుదరదు. రైతు చేతికి డబ్బు పట్టుబడి తరువాతే వస్తుంది కాబట్టి, పంటకొకసారి, సరుకు డబ్బు అందిన వారానికి బిల్లు పంపండి.