పార్ట్ స్టాక్ లేదంటే ఏం చేయాలి: వాషింగ్ మెషిన్, ఫ్రిజ్, ఏసీ స్పేర్ పార్టులు వెతుక్కునే పద్ధతి

సర్వీస్ సెంటర్ వాళ్లు ఇచ్చిన కొటేషన్ చూసి, దీనికంటే కొత్తది కొనడమే నయం అనుకునే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. కంపెనీ చాలాసార్లు పాడైన ముక్కని విడిగా అమ్మదు, అది బిగించి ఉన్న అసెంబ్లీని మొత్తంగా అమ్ముతుంది. బోర్డు మీద ఒక రిలే (కరెంటుని ఆన్, ఆఫ్ చేసే చిన్న స్విచ్) పోతే బోర్డంతా మార్చాలంటారు, బేరింగ్ అరిగితే టబ్ అంతా మార్చాలంటారు. టెక్నీషియన్ రోజంతా ఇళ్లు తిరుగుతూ ఉండాలి, టంకం పట్టుకుని కూర్చునే తీరిక అతనికి ఉండదు, కాబట్టి ఆ పద్ధతి వాళ్లకి సులువు. బిల్లు మాత్రం మనకి వస్తుంది. పాడైన ముక్క ఏది, దాని నంబర్ ఏమిటి అన్న రెండూ మీ చేతిలో ఉంటే అదే వస్తువుని నాలుగు చోట్ల అడగొచ్చు. అవి లేకపోతే వాళ్లు చెప్పిందే రేటు.

ముందు నంబర్లు

అన్నీ బాగా పనిచేస్తున్నప్పుడే, అంటే ఇవాళే, ఇంట్లో ప్రతి మెషిన్ మీద ఉన్న స్టిక్కర్ ఫోటో తీసి పెట్టుకోండి. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్‌కి డోర్ తెరిస్తే అంచున కనిపిస్తుంది, టాప్ లోడ్‌కి సాధారణంగా వెనక, ఫ్రిజ్‌కి కూరగాయల ట్రే పక్క గోడ మీద, ఏసీకి లోపలి యూనిట్ మీద ఒకటి, బయటి యూనిట్ మీద ఇంకోటి, మిక్సీకి అడుగున. బయటి యూనిట్ స్టిక్కర్ ఎండకి వెలిసిపోతుంది, ఆలస్యం చేస్తే చదవడానికి ఏమీ మిగలదు. అక్కడ ఉన్నది పూర్తిగా, చివర ఉండే అక్షరాలు, గీతలతో సహా కావాలి. ‘ఏడు కిలోల ఎల్‌జీ’ అని చెబితే ఏ షాపువాడూ ఏమీ ఇవ్వలేడు, ఎందుకంటే ఒకే పేరుతో అమ్మిన మెషిన్‌లో కూడా చివరి అక్షరం మారితే లోపల పంపో బోర్డో మారిపోతుంది.

మోడల్ నంబర్ వేరు, పార్ట్ నంబర్ వేరు. పార్ట్ నంబర్ ఆ పార్ట్ మీదే చిన్న స్టిక్కర్‌గా గానీ అచ్చుగా గానీ ఉంటుంది. శాంసంగ్‌లో మొదటి రెండు అక్షరాలు చూస్తే ఏ మెషిన్‌దో తెలిసిపోతుంది: డీసీ అంటే వాషింగ్ మెషిన్, డీఏ అంటే ఫ్రిజ్, డీబీ అంటే ఏసీ, డీఈ అంటే మైక్రోవేవ్, బీఎన్ అంటే టీవీ. ఎల్‌జీ బోర్డుల మీద ఎక్కువగా ఈబీఆర్‌తో మొదలయ్యే నంబర్ ఉంటుంది. మెకానిక్ మెషిన్ విప్పినప్పుడు మొహమాటపడకుండా ‘అన్నా, ఒక్క నిమిషం’ అని ఆపి, పార్ట్ ఫోటో, దానికి వచ్చే కనెక్టర్ల ఫోటో రెండూ తీసుకోండి. ఏ రంగు వైరు ఎక్కడికి వెళ్లిందో తర్వాత గుర్తుండదు, అతనికి కూడా.

నిజంగా పాడైంది ఏది?

చాలా ఖర్చు ఇక్కడే మిగులుతుంది. ఫ్రంట్ లోడ్‌లో నీళ్లు బయటికి పోకపోతే పంపు మార్చాలంటారు, కానీ కింద మూలన చిన్న మూత తీసి ఫిల్టర్ చూస్తే లోపల చిల్లర నాణెం, పిన్నీసు, పిల్లల సాక్సు ఏదో ఒకటి ఉంటుంది. (మూత తిప్పే ముందు కింద పళ్లెం పెట్టండి, లేదంటే బాల్కనీ అంతా నీళ్లే.) ఎర్రర్ కోడ్‌ని ఫోటో తీసుకోండి. ఎల్‌జీలో ఓఈ అంటే నీళ్లు బయటికి పోవడం లేదని, ఐఈ అంటే నీళ్లు లోపలికి రావడం లేదని, డీఈ అంటే డోర్ సరిగ్గా పడలేదని. నీళ్లు రాకపోవడానికి మన ఊళ్లలో మొదటి కారణం బోరు నీళ్ల ఉప్పు పట్టి ఇన్‌లెట్ పైపు చివర జల్లెడ మూసుకుపోవడం. అది చేత్తో కడిగేసే పని.

మామూలు ఏసీ, అంటే ఇన్వర్టర్ కానిది, బయటి యూనిట్ హమ్ అంటూ కంప్రెసర్ ఎత్తుకోకపోతే ముందు కెపాసిటర్‌ని, అంటే మోటారు ఎత్తుకోవడానికి తోడ్పడే చిన్న డబ్బా లాంటి పార్ట్‌ని, అనుమానించాలి. దాని తల ఉబ్బి ఉంటే ఇక అనుమానం కూడా అక్కర్లేదు. కెపాసిటర్ ఏ కంపెనీదైనా ఒకటే, దాని మీద రాసిన ఎంఎఫ్‌డీ (దాని సామర్థ్యం కొలత) అదే ఉండాలి, వోల్టేజ్ అంతే గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. సీలింగ్ ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంటే మార్చే రెండున్నర ఎంఎఫ్‌డీ కెపాసిటర్‌ది కూడా ఇదే లెక్క. కానీ ఏసీ కెపాసిటర్ కరెంటు తీసేశాక కూడా ఛార్జ్ పట్టుకుని ఉంటుంది, దాన్ని తెలిసినవాళ్లే ముట్టుకోవాలి.

ఫ్రిజ్ విషయంలో ఎక్కువ మోసం ‘గ్యాస్ అయిపోయింది’ అనే మాట మీద నడుస్తుంది. ఫ్రిజ్ గ్యాస్ వాడకంతో అయిపోదు, ఎక్కడో లీక్ ఉంటేనే పోతుంది, ఆ లీక్ ఎక్కడో చూపించకుండా గ్యాస్ నింపితే కొన్నాళ్లకి మళ్లీ అదే కథ. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో పైన ఫ్రీజర్ గడ్డకడుతూ కింద పాలు విరిగిపోతుంటే చాలాసార్లు తప్పు డీఫ్రాస్ట్ హీటర్‌ది, లేదా దానికి ఆనుకుని ఉండే బైమెటల్‌ది (వేడిని బట్టి హీటర్‌ని ఆపే చిన్న స్విచ్), థర్మల్ ఫ్యూజ్‌ది. లోపల కాయిల్ మీద మంచు పేరుకుపోయి గాలి కిందికి దిగదు. ఇవి కంప్రెసర్‌తో, గ్యాస్‌తో పోలిస్తే చాలా చవక పార్టులు. డోర్ రబ్బరు వదులైతే ముందు వేడి నీళ్లతో తుడిచి, హెయిర్ డ్రైయర్‌తో కొంచెం వేడి చేసి సర్ది చూడండి. అప్పటికీ పట్టకపోతే కొలత ఇస్తే గ్యాస్కెట్ కత్తిరించి అతికించి ఇచ్చేవాళ్లు పెద్ద ఊళ్లలో ఉంటారు, కంపెనీ దగ్గర ఆ మోడల్ ఆగిపోయినా ఇబ్బంది లేదు.

దుకాణాలు

కొన్ని పార్టులకి కంపెనీ పేరుతో పనే లేదు. బేరింగ్ మీద 6205 అని ఉంటే అది లోపల 25, బయట 52, మందం 15 మిల్లీమీటర్లు, ప్రపంచంలో ఎక్కడైనా అంతే. 6206 అంటే 30, 62, 16. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ మీ ఊళ్లో మోటారు సామాన్లు అమ్మే వీధిలో గానీ మంచి బ్రాండు బేరింగే దొరుకుతుంది. బేరింగ్‌తో పాటు ఆయిల్ సీల్ తప్పకుండా మార్చాలి, సీల్ పాతదే ఉంచితే నీళ్లు దిగి కొత్త బేరింగ్ కూడా తుప్పు పడుతుంది. ఒక చిక్కుంది, కొన్ని ఫ్రంట్ లోడ్ మెషిన్లలో టబ్‌ని స్క్రూలతో కాకుండా రెండు ముక్కలూ కరిగించి అతికించేస్తున్నారు. అప్పుడు బేరింగ్ ఒక్కటే మార్చడం కుదరదు, టబ్ అసెంబ్లీయే గతి. కొనేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు, సేల్స్‌మన్‌కి కూడా తెలియదు.

రిలేలు, ఐసీలు, రిమోట్లు, చిన్న కెపాసిటర్ల లాంటివాటికి హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో ఉండేవాళ్లకి రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్. పంపు, ఇన్‌లెట్ వాల్వ్, డోర్ లాక్, థర్మోస్టాట్ లాంటివాటికి ఫ్రిజ్-ఏసీ స్పేర్స్ దుకాణాలు వేరే ఉంటాయి, జిల్లా కేంద్రం ఏదైనా ఒకటి రెండు ఉంటాయి, అవి ఎక్కడో మీ వీధి మెకానిక్‌ని అడిగితే తెలుస్తుంది. పాత పార్ట్ చేతిలో పట్టుకుని వెళ్లండి. ఫోన్లో అడిగితే ఉందనో లేదనో ఒక ముక్క చెప్పి పెట్టేస్తారు, కౌంటర్ మీద పార్ట్ పెడితే మాత్రం పక్కనున్న మెకానిక్ కూడా చూసి ‘దీనికి ఫలానా మోడల్‌ది కూడా సరిపోతుంది’ అంటాడు. ఆ సమాచారం ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.

ఆన్‌లైన్‌లో పార్ట్ నంబర్ వేసి వెతకండి, మోడల్ పేరు వేసి వెతికితే ‘అన్ని మోడళ్లకి సరిపోతుంది’ అనే సరుకు వస్తుంది. రిటర్న్ ఉందో లేదో చూడకుండా కరెంటు పార్ట్ కొనొద్దు. కంపెనీ సొంత సైట్‌లో స్పేర్స్ అమ్మితే ధర అక్కడ చూసుకోండి, కొనకపోయినా టెక్నీషియన్ చెప్పిన రేటు సరైనదో కాదో తేలిపోతుంది. ఇంకో హెచ్చరిక: కస్టమర్ కేర్ నంబర్‌ని గూగుల్‌లో వెతికి మొదట కనిపించినదానికి ఫోన్ చేయకండి, దొంగ సర్వీస్ సెంటర్లు అక్కడే కాచుకుని ఉంటాయి. వారంటీ కార్డు మీదున్న నంబరే వాడండి. ఓటీపీ అడిగితే, ఏదో యాప్ వేసుకోమంటే వెంటనే ఫోన్ కట్ చేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

బోర్డు పోయిందన్నారా?

అసలు దెబ్బ ఇక్కడ పడుతుంది. ఇన్వర్టర్ ఏసీ బోర్డుకి ఐదంకెల కొటేషన్ కూడా వస్తుంది, ఏసీ ధరలో మూడో వంతు. బోర్డు పూర్తిగా చచ్చినట్టుంటే, డిస్‌ప్లే కూడా వెలగకపోతే, రిపేరు చేసేవాళ్లు మొదట చూసేవి ఫ్యూజ్, దాని పక్కన ఎక్కువగా నీలం రంగు బిళ్లలా ఉండే ఎంఓవీ. కరెంటు ఒక్కసారిగా ఎక్కువ వస్తే ఆ బిళ్ల తాను కాలిపోయి మిగతా బోర్డుని కాపాడుతుంది. ఆ రెండూ చాలా చవక. బయటి యూనిట్‌లో బల్లి పడి షార్ట్ అవడం, టాప్ లోడ్ అడుగు నుంచి ఎలుక దూరి వైర్లు కొరకడం మన దగ్గర మామూలే. ఎలుక కొరికిన వైరుకి కూడా బోర్డు పోయిందని రాసిచ్చే టెక్నీషియన్లు ఉన్నారు.

కాబట్టి బోర్డు అన్న మాట వినగానే కొత్త బోర్డుకి డబ్బు కట్టొద్దు, బోర్డు రిపేరు చేసే షాపులో చూపించండి. ఎలక్ట్రానిక్స్ మార్కెట్లలో ఈ పనే చేసేవాళ్లున్నారు, చాలామంది కొరియర్‌లో కూడా తీసుకుంటారు. ఇచ్చే ముందు మూడు విషయాలు తేల్చుకోండి: చూసినందుకే ఛార్జ్ ఉందా, బాగుకాకపోతే ఎంత, బాగైతే ఎన్ని రోజుల గ్యారంటీ. టాప్ లోడ్ బోర్డుల మీద తేమ తగలకుండా జిగురు లాంటి పదార్థం పోసి ఉంటుంది, దాన్ని కోసి తీయాలి, అందుకే కొంతమంది వాటిని ముట్టుకోరు. ముట్టుకోనన్నవాణ్ని బలవంతం చేయకండి, వేరే షాపు చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ బోర్డు కొనాలంటే నంబర్ చివరి అంకె దాకా కలవాలి. చూడ్డానికి ఒకేలా ఉండి, కనెక్టర్లు కూడా సరిపోయి, లోపల ప్రోగ్రాం వేరే మోడల్‌ది అయితే మోటారు తప్పు వేగంతో తిరుగుతుంది, లేదా ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. పాత బోర్డుని ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయకండి, దాని మీదున్న మెమొరీ చిప్ తీసి మార్చాల్సి రావచ్చు.

కంపెనీ ఆపేస్తే

వారంటీలో ఉండగా ‘పార్ట్ రావాలండి’ అని వారాలు గడిపేస్తే ఫోన్ల మీద నమ్మకం పెట్టుకోవద్దు. జాబ్ నంబర్ రాయించుకోండి, ఈమెయిల్‌లో తేదీలతో అడగండి, పార్ట్ ఎప్పుడొస్తుందో రాతపూర్వకంగా చెప్పమనండి. ఆ తర్వాత 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ ఫిర్యాదు నమోదయ్యాక కంపెనీ ఫోన్ చేసే తీరే మారిపోతుంది, అన్నిసార్లూ అని చెప్పను. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, రెండేళ్లలోపు వేయాలి, వస్తువుకి కట్టిన డబ్బు 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. లాయర్ కూడా తప్పనిసరి కాదు.

కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, అందులో కంపెనీల సర్వీస్ సెంటర్లు, వారంటీ వివరాలు, మాన్యువల్స్ ఒకచోట ఉంటాయి. పనికొస్తుంది గానీ మీ పార్ట్‌ని మీ ఇంటికి తెచ్చి ఇవ్వదు. యూరప్‌లో 2021 మార్చి నుంచి కొత్త వాషింగ్ మెషిన్ మోడళ్లకి పార్టులు పదేళ్లు అందుబాటులో ఉంచాలని, అడిగిన 15 పనిదినాల్లో పంపాలని నిబంధన ఉంది. మనకి పోర్టల్ కంటే అలాంటి నిబంధనే ముందు కావాలనేది నా అభిప్రాయం.

అమెరికాలో ఉన్న తమ్ముడి చేత తెప్పించుకుందాం అనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. పంపు, వాల్వ్, హీటర్ ఏవీ ఇక్కడ పనికిరావు. దుబాయ్ నుంచో లండన్ నుంచో అయితే వోల్టేజ్ సరిపోతుంది, పార్ట్ నంబర్ కలిస్తే చాలు.

వేటిని ఇంట్లో విప్పకూడదంటే: మైక్రోవేవ్ అస్సలు వద్దు, ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్ ప్రాణం తీసేంత వోల్టేజ్ పట్టుకుని ఉండొచ్చు. ఆర్-600ఏ గ్యాస్ ఉన్న ఫ్రిజ్ పైపుల జోలికి కూడా పోవద్దు, అది మంటలంటుకునే గ్యాస్.

డబ్బు కట్టి మార్పించుకుంటే పాత పార్ట్ అడిగి తీసుకోండి, బిల్లు మీద కొత్త పార్ట్ నంబర్, దాని గ్యారంటీ రాయించండి. ‘పదేళ్ల వారంటీ’ స్టిక్కర్ సాధారణంగా మోటారుకో కంప్రెసర్‌కో మాత్రమే, బోర్డుకి, గ్యాస్‌కి, కూలికి వర్తించకపోవచ్చు, కార్డు చదవండి. ఏసీ పని అయితే ఫిబ్రవరిలోనే చూపించుకోండి, ఏప్రిల్‌లో పార్టూ దొరకదు, మనిషీ దొరకడు.

రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటి, మెషిన్ వయసు పదేళ్లకి దగ్గరపడితే నేనైతే వదిలేస్తాను. వదిలేసేటప్పుడు ఎక్స్చేంజ్ ఆఫర్‌కి ఎంత ఇస్తారో కనుక్కుని, తర్వాత వీధి మెకానిక్‌ని కూడా అడగండి. మోటారు, పంపు, డోర్ లాక్ బాగుంటే ఒక్కోసారి పాత సామాన్లవాడి కంటే అతనే ఎక్కువ ఇస్తాడు, ఎందుకంటే కంపెనీ ఆపేసిన ఆ పార్టుల కోసం ఇంకెవరో అతని దగ్గరికే వస్తారు.