చిక్కీ ముక్క ఎప్పుడివ్వాలి?

పత్తికొండలో మా ఇంటి వరండాలోనే సాయంత్రాలు ట్యూషన్ చెబుతాను. "చదివితే ఏదైనా కొనిపెడతానన్నా వీడు వినడమ్మా" అంటూ వచ్చే తల్లులను నేను ముందు అడిగేది, కొనిపెట్టేది ఎప్పుడని.

కొత్త అలవాటుకు మొదట్లో పిసినారితనం పనికిరాదు. ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పిన ప్రతిసారీ, అక్కడికక్కడే, చిన్న చిక్కీ ముక్క పెట్టండి. లేదా భుజం తట్టండి. ఆదివారం ఇస్తానంటే, దేనికిచ్చారో వాడికి గుర్తుండదు.

అలవాటు కుదురుకున్నాక అంతరం పెంచండి. ఒకసారి రెండు లెక్కలకు, ఒకసారి ఐదు లెక్కలకు, మరోసారి మూడు లెక్కలకు ఇవ్వండి. ఒక్కసారిగా ఇరవైకి పెంచితే పుస్తకం మూసేస్తారు. "పది లెక్కలకు ఒకటి" అని ఖాయం చేసినా చిక్కే. పదోది కాగానే పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చుంటారు. డీఎస్సీకి చదివినవాళ్ళకు ఇది స్థిర నిష్పత్తి అని తెలుసు. ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనే మనస్తత్వవేత్తలు 1957లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఇన్నిసార్లు ముక్కుతో పొడిస్తేనే గింజలు అని పెడితే, పావురాలూ అవి తిన్నాక ఇలాగే కాసేపు ఆగేవి. లెక్క ముందుగా తెలియని చర నిష్పత్తిలో ఆ విరామం దాదాపుగా ఉండదు.

దాని బలం చూడాలంటే తొలకరి పడ్డాక మా కర్నూలు జిల్లాలోని తుగ్గలి, జొన్నగిరి చేలకు వెళ్ళండి. సద్దిమూట పక్కన పెట్టుకుని, నడుము వంచి వజ్రాలు వెతికేవాళ్ళు కనిపిస్తారు. ఏ రాయి మెరుస్తుందో తెలియదు కనుక ప్రతి రాయినీ ఎత్తి, తుడిచి, ఎండకు పెట్టి చూస్తారు. చేతికి ఏమీ రాకపోయినా మళ్ళీ ఏడాది వస్తారు. పేకాట నడిపేవాళ్ళు బతికేదీ దీని మీదే. అందుకే పిల్లలకు డబ్బు ఆశ మాత్రం పెట్టకండి.

పరీక్ష శనివారమే అంటే శుక్రవారం రాత్రే పుస్తకం తెరుస్తారు. రోజు చెప్పకుండా పెట్టండి, రోజూ కొంచెం చదువుతారు.

ఇక ఫోను. తొమ్మిదిసార్లు కాదని, పదోసారి ఏడుపుకు లొంగి ఇచ్చారనుకోండి. పదిసార్లు ఏడిస్తే ఫోను వస్తుందని మీరే నేర్పినట్టు. అప్పుడప్పుడు ఫలించిన ఏడుపు అంత తొందరగా పోదు. ఇవ్వకూడదనుకున్నాక ఇక ఇవ్వకండి. మొదట్లో ఏడుపు పెరుగుతుంది, గిన్నెలు ఎగురుతాయి. తగ్గేముందు అలా పెరగడం మామూలే. సరిగ్గా అప్పుడే "పాపం, కాసేపు ఇవ్వరాదూ" అంటుంది అమ్మమ్మ. అందుకని ముందు రోజే ఆవిడతో మాట్లాడి పెట్టుకోండి.