ఎండ కాసిందని కిటికీ తెరవకండి: జనవరిలో ఆస్టిన్ వెళ్ళేవాళ్ళకి

ధనుర్మాసం. అమలాపురంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఎనిమిదయినా ఎదురుగా ఉన్న కాలవ మంచులో కనపడటం లేదు. మా వీధి కుర్రాడు జనవరి మొదటి వారంలో అమెరికాకి, టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ బయల్దేరుతున్నాడు. నిన్న వాళ్ళింటికి వెళ్తే సూట్‌కేసులో గోంగూర పచ్చడి, స్వెట్టర్లు, జలుబు చేస్తే వేసుకోమని యాంటీబయాటిక్ మూడు స్ట్రిప్పులు. వాళ్ళమ్మగారు నా ముందే నాలుగుసార్లు చెప్పారు: "మంచులో తిరగకు నాన్నా, ఎండెక్కాక బయటికెళ్ళు." మన ఊళ్ళో అది సరైన మాటే. జనవరిలో ఆస్టిన్‌లో అదే మాట పట్టుకుంటే మంచం ఎక్కుతాడు.

బ్యాంకు అకౌంటు, సిమ్, బస్సుల సంగతి నేను చెప్పను. దిగిన రోజే రూమ్మేట్లు చెబుతారు. వాళ్ళు చెప్పనిది చెట్ల పుప్పొడి గురించి.

మనకి పుప్పొడి అంటే భయం తెలీదు. కొబ్బరి పొత్తు విచ్చుకుంటే తేనెటీగలు ముసురుతాయి, మామిడి పూత మీద ఈగలు వాలతాయి. మామిడి పుప్పొడి జిగురుగా ఉండి పురుగు కాళ్ళకి అంటుకుని పోతుంది తప్ప మన ముక్కు దాకా పెద్దగా రాదు. గాలికి వదిలేసే చెట్టంటే ఓడలరేవు వైపు సరుగుడు తోటలు గుర్తు తెచ్చుకోండి. ఆస్టిన్‌కి పడమటి కొండల నిండా ఉన్న చెట్టుదీ ఆ పద్ధతే. అక్కడ మౌంటెన్ సీడర్ అంటారు కానీ అది సీడర్, అంటే దేవదారు కాదు, జూనిపర్ అనే వేరే చెట్టు. పోతుతాడి, పెంటితాడి వేరువేరుగా ఉన్నట్టే అందులోనూ మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. డిసెంబర్ వచ్చేసరికి మగచెట్టు కొసలన్నిటికీ బియ్యపు గింజంత బుడిపెలు వచ్చి, పచ్చటి చెట్టు తుప్పు పట్టినట్టు కనిపిస్తుంది. పుప్పొడి ఉండేది వాటిలోనే.

గాల్లో తేమ ఉన్నన్నాళ్ళూ అవి ముడుచుకుని ఉంటాయి. ఉత్తరం నుంచి చలిగాలి వచ్చి తేమంతా ఊడ్చుకుపోయాక, మర్నాడు ఆకాశం నీలంగా తేరి ఎండ కాస్తుంది చూడండి, అప్పుడు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. కొమ్మ కదిలితే పొగలా లేస్తుంది. ఎక్కడో తగలబడుతోందనుకుని ఫైరింజన్‌కి ఫోన్ చేసినవాళ్ళున్నారు. గాలి తోడుంటే వందల మైళ్ళు పోతుంది, కాబట్టి డల్లాస్, హ్యూస్టన్ వెళ్ళేవాళ్ళు మాకేంలే అనుకోవద్దు. డిసెంబర్ మధ్యలో మొదలై ఫిబ్రవరి దాకా ఉంటుంది, జనవరిలో ఉద్ధృతం. ఇక్కడ మంచు ఎక్కువైతే పూతకి తేనెమంచు పడుతుందని మామిడి రైతుకి బెంగ. అక్కడ పొగమంచు పట్టిన రోజు, చినుకు పడిన రోజే ముక్కుకి హాయి.

ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఆస్టిన్‌లో డిసెంబర్ చివర్లో దిగాను. జనవరి అంతా, మబ్బు విడిచి ఎండ వచ్చిందంటే చాలు, దుప్పటి తీసుకెళ్ళి బాల్కనీ రెయిలింగ్ మీద ఆరేసేవాణ్ణి. ఇంట్లో అమ్మ వేసేది కాబట్టి నేనూ వేశాను. సాయంత్రం దులపకుండా తెచ్చి, ముఖం దాకా కప్పుకుని పడుకునేవాణ్ణి. ఫిబ్రవరి మొదట్లో ఒక రాత్రి వరసగా తుమ్ములు, కళ్ళు ఇసుక పోసినట్టు దురద, అంగిలి లోపల గీరుకోవాలనిపించేంత దురద. జలుబనుకున్నాను. మిరియాల పాలు తాగాను, ఆవిరి పట్టాను, ఇంటి నుంచి తెచ్చిన యాంటీబయాటిక్ ఐదు రోజులు వేసుకున్నాను. యాంటీబయాటిక్ పుప్పొడిని ఏం చేస్తుంది? ఆవిరి పట్టి లేచి, ఊపిరాడటం లేదని కిటికీ తెరిచేవాణ్ణి. ఒకరోజు పొద్దున్న దుప్పటి అంచు మీద వేలితో రాస్తే సన్నగా పసుపు అంటింది. అప్పుడు అర్థమైంది.

పోయిన జనవరిలో రావులపాలెం వైపు అబ్బాయి ఒకడు అచ్చం ఇలాగే అయ్యాడు. అతనికిది రెండో చలికాలం. మొదటి ఏడాది ఏమీ రాలేదు కదా అని ధీమా. తమ్ముడూ, ఈ ఎలర్జీ చాలామందికి ఒకటి రెండు సీజన్లు గడిచాకే బయటపడుతుంది. అతని గదికి వెళ్తే చేపల వేపుడు, పొగ, రెండు కిటికీలూ బార్లా! బయట చలిగాలి వెళ్ళిన మర్నాటి ఎండ. తాలింపు పెడితే స్మోక్ అలారం మోగుతుందండీ అన్నాడు. మోగితే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకో, ఆ నాలుగు రోజులు పప్పు కుక్కర్లో పెట్టుకో, వేపుడు వాన పడిన రోజు చేసుకో. ఎన్నిసార్లు చెప్పాలో నాకు తెలియటం లేదు: కిటికీ తెరవకండి. కార్లో కూడా బయటి గాలి లోపలికి రాకుండా బటన్ నొక్కండి. అపార్ట్‌మెంట్ వాళ్ళనడిగి హీటర్ ఫిల్టర్ కొత్తది వేయించుకోండి. బట్టలు బయట ఆరేయకండి. తలకి కొబ్బరినూనె రాసుకుని బయట తిరిగితే అంతా జుట్టుకి పట్టి రాత్రి తలదిండు మీదికి దిగుతుంది. ఈ రెండు నెలలూ పడుకునే ముందు తలస్నానం చేయండి, గలీబు తరచూ మార్చండి.

పేరులో ఫీవర్ ఉంది, సీడర్ ఫీవర్ అంటారు, కానీ దీనికి పెద్ద జ్వరం రాదు. థర్మామీటర్ 101 దాటితే, ఒళ్ళు విరిచేసినట్టుంటే అది ఫ్లూనో ఇంకోటో, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. పిల్లికూతలు వచ్చినా, ఆయాసం వచ్చినా ఆ రోజే వెళ్ళండి, ఇన్సూరెన్స్ లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే కొట్టగానే పనిచేయదు, రోజుల తరబడి వాడితేనే గుణం. అందుకే డాక్టర్ని అడిగి సీజన్‌కి రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. సెట్రిజిన్‌తో కొందరికి నిద్ర ముంచుకొస్తుంది, అది వేసుకుని కారు నడపకండి. ముక్కు కడుక్కునే జలనేతి మంచిదే, కానీ పంపు నీళ్ళు తిన్నగా ముక్కులో పోయకూడదు. మరగకాచి చల్లార్చిన నీళ్ళు గానీ, డిస్టిల్డ్ వాటర్ గానీ వాడండి.

చికాగో, న్యూజెర్సీ వెళ్ళేవాళ్ళకి చలికాలంలో చెట్లు నిద్రలో ఉంటాయి, గొడవ వసంతంలో. అక్కడి చెట్టు ముందు కొంత చలి తిని, తర్వాత వెచ్చదనం తగిలితే పూస్తుంది, కాబట్టి ఫిబ్రవరి వెచ్చబడితే పుప్పొడి కూడా ముందే వస్తుంది. ఉత్తర అమెరికాలో 1990 నుంచి 2018 మధ్య పుప్పొడి సీజన్ దాదాపు 20 రోజులు ముందుకు జరిగిందని, పుప్పొడి సుమారు 21 శాతం పెరిగిందని లెక్క తేలింది. లండన్ వైపు వెళ్తే హేజెల్, ఆల్డర్ చెట్లు జనవరిలోనే మొదలెడతాయి.

భయపెట్టాను, తెలుసు. సరే, ఇదీ చెబుతాను. దీనివల్ల చదువు ఆగిపోయినవాడు నాకు కనపడలేదు. మీ ఒంట్లో బలం లేక వచ్చేది కాదు, ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకీ వస్తుంది. ఫిబ్రవరి చివరికి ఆ చెట్టు సద్దుమణుగుతుంది. మార్చిలో ఓక్ చెట్టు పుప్పొడి ఉంది, కానీ అది అందరికీ పడకపోవాలని లేదు. ఎంతకీ తగ్గకపోతే ఎలర్జీ ఇంజెక్షన్లున్నాయి. మూడు నుంచి ఐదేళ్ళు తీసుకోవాలి, నేను తీసుకున్నాను. ఇప్పుడు జనవరిలో కూడా రాత్రుళ్ళు నిద్రపడుతోంది.

నిన్న ఆ కుర్రాడి సూట్‌కేసులోంచి యాంటీబయాటిక్ స్ట్రిప్పులు తీయించి నాలుగు గలీబులు పెట్టించాను. వాళ్ళమ్మగారికి నమ్మకం కుదరలేదు. "దుప్పటి ఎండలో వెయ్యకపోతే ముక్కవాసన రాదా బాబూ?" అన్నారు. "డ్రయ్యర్లో వేసుకుంటాడు పిన్నిగారూ, రాదు" అన్నాను.