ప్రొడక్షన్‌లో సీఎక్స్ఎఫ్ మెసేజ్ లాగింగ్ ఆన్ చేసే ముందు

అవతలి టీమ్ వాళ్లు మీ రిక్వెస్టే తప్పంటారు, మనం వాళ్ల రెస్పాన్సే తప్పంటాం, చివరికి తేలాలంటే ప్రొడక్షన్‌లో, అంటే అసలు కస్టమర్లు వాడే సర్వర్లలో, మెసేజ్ లాగింగ్ (వచ్చిపోయే ప్రతి మెసేజ్‌నీ లాగ్ ఫైల్‌లో రాయడం) ఆన్ చేయక తప్పదు. జావాలో వెబ్ సర్వీసులు రాయడానికి వాడే అపాచీ సీఎక్స్ఎఫ్‌లో అది రెండు లైన్ల కాన్ఫిగరేషన్, టెన్షనంతా ఆ తర్వాతే. కస్టమర్ల వివరాలు ఉన్నవి ఉన్నట్టు లాగ్ ఫైల్‌లోకి, అక్కడి నుంచి బ్యాకప్‌లోకి, ఎవరో టికెట్‌కి తగిలించిన జిప్‌లోకి వెళ్లిపోతాయి.

అందుకే ముందు మాస్కింగ్ (రహస్య వివరాలు లాగ్‌లో కనపడకుండా దాచడం), తర్వాతే లాగింగ్. హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి, అది దారిలో మాత్రమే కాపాడుతుంది. సోప్ (ఎక్స్ఎంఎల్ మెసేజ్) హెడర్‌లో యూజర్‌నేమ్ టోకెన్‌తో, అంటే యూజర్ పేరు, పాస్‌వర్డ్ పంపే భాగంతో, పాస్‌వర్డ్ మామూలు టెక్స్ట్‌గా వస్తుంటే లాగ్‌లోనూ అలాగే పడుతుంది. కొత్త లాగింగ్ ఫీచర్‌కి దాచాల్సిన ఎలిమెంట్ల పేర్లు ఇస్తే విలువ బదులు ఎక్స్‌లు రాస్తుంది, ఆథరైజేషన్ లాంటి హెచ్‌టీటీపీ హెడర్ల పేర్లు విడిగా ఇవ్వాలి. మెసేజ్‌ని మధ్యలో పట్టుకుని రాసే పాత లాగింగ్ ఇంటర్‌సెప్టర్లనే ఇంకా వాడుతుంటే ముందు వాటిని మార్చండి. పేర్లు ఇచ్చేశాం కదా అని వదిలేయకుండా, స్టేజింగ్‌లో (ప్రొడక్షన్‌కి ముందు పరీక్షించే సర్వర్లలో) ఎక్కడా లేని ఒక దొంగ పాస్‌వర్డ్‌తో రిక్వెస్ట్ పంపి, ఆ పాస్‌వర్డ్ కోసం లాగ్ మొత్తం గ్రెప్ చేయండి, అంటే వెతకండి. ఒక్కచోట దొరికినా ప్రొడక్షన్ జోలికి వెళ్లొద్దు.

లాగింగ్ ఫీచర్‌ని బస్ (సీఎక్స్ఎఫ్‌లో అన్ని సర్వీసులకీ ఉమ్మడి భాగం) మీద పెడితే అన్ని ఎండ్‌పాయింట్లూ, అంటే సర్వీసుల చిరునామాలన్నీ, లాగ్ అవుతాయి, గొడవ ఉన్న ఒక్క ఎండ్‌పాయింట్‌కే పెట్టండి.

ఇక డిస్క్. రిక్వెస్టు, రెస్పాన్సు కలిపి 40 కేబీ, సెకనుకి 50 కాల్స్ అనుకుంటే గంటకి దాదాపు 7.2 జీబీ! మెసేజ్‌కి డిఫాల్ట్ లిమిట్ 48 కేబీ, అది దాటితే మిగతాది కోసేస్తుంది. మొత్తం కనపడాలని లిమిట్‌ని మైనస్ 1, అంటే హద్దే లేకుండా, చేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని ప్రొడక్షన్‌లో చేయొద్దు. బైనరీ కంటెంట్‌ని డిఫాల్ట్‌గా లాగ్ చేయదు, నిజమే, కానీ ఎక్స్ఎంఎల్ లోపల బేస్64గా (అక్షరాలుగా మార్చిన బైనరీగా) కూర్చున్న స్కాన్ కాపీ దానికి మామూలు టెక్స్టే. రొటేషన్‌తో (నిండిన లాగ్ ఫైల్‌ని పక్కనపెట్టి కొత్తది మొదలుపెట్టడం) పాటు మొత్తం సైజుకీ ఒక హద్దు పెట్టండి.

ఎక్స్ఎంఎల్‌ని వరసలు సర్ది చూపే ప్రెట్టీ లాగింగ్ ఆఫ్‌లోనే ఉంచండి. చూడ్డానికి బాగుంటుంది గానీ ఖాళీలు, లైన్లు మార్చేస్తుంది, డిజిటల్ సంతకం సరిపోలేదన్న గొడవలో ఆ లాగ్ సాక్ష్యంగా పనికిరాదు.

సీఎక్స్ఎఫ్ తన సొంత లాగ్‌లకి డిఫాల్ట్‌గా జావా యుటిల్ లాగింగ్ వాడుతుంది, కానీ కొత్త లాగింగ్ ఫీచర్ మెసేజ్‌లని ఎస్ఎల్ఎఫ్4జే (జావా లాగింగ్ లైబ్రరీలకి ఉమ్మడి ముఖద్వారం) ద్వారా రాస్తుంది, కాబట్టి లెవెల్‌ని దాని వెనకున్న లాగింగ్ లైబ్రరీలోనే మార్చాలి. మెసేజ్‌లన్నీ ఇన్ఫో లెవెల్‌లో, ఒక్కో సర్వీస్ పేరుతో ఉన్న లాగర్లలో పడతాయి. ఆ లాగర్‌ని వార్న్‌కి (హెచ్చరికలు, అంతకన్నా పెద్దవి మాత్రమే రాసే లెవెల్) మారిస్తే లాగింగ్ ఆగిపోవాలి. ఆగుతోందో లేదో స్టేజింగ్‌లోనే చూసుకోండి, ఎప్పుడు ఆపాలో, ఎవరు ఆపాలో ముందే రాసిపెట్టుకోండి. పని అయ్యాక ఆ ఫైళ్లని సర్వర్‌లోనే కాదు, లాగ్‌లు చేరే ప్రతిచోటా తీసేయించండి.