పగడపు దీవుల నేలలో అణుధూళిని కొలిచే విధానం

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవులకు చెందిన బికినీ పగడపు దీవిలో అమెరికా జరిపిన ‘బ్రావో’ హైడ్రోజన్ బాంబు పరీక్షలో లేచిన రేడియోధార్మిక ధూళి అక్కడి మరో దీవి రోంగెలాప్ ప్రజలపై కురిసింది. మార్షల్ దీవుల నేలలో నేటికీ మొదట వెతకవలసింది రేడియోధార్మిక పదార్థమైన సీజియం-137, ఎందుకంటే దాని అర్ధాయువు, అంటే అందులో సగం క్షీణించడానికి పట్టే కాలం, సుమారు 30 ఏళ్లు.

తవ్వకాలు, నిర్మాణాలు జరగని చోటును ఎంచుకుని, నేలకు ఒక మీటరు ఎత్తున గామా కిరణాలను కొలిచే మీటరుతో కొలత తీసుకోవాలి. తరువాత 5 సెంటీమీటర్ల పొరలుగా మట్టిని విడివిడిగా సేకరించాలి. పై పొర మట్టి కింది పొరలో కలిస్తే లోతు లెక్క చెడిపోతుంది కనుక ప్రతిసారీ పనిముట్టును శుభ్రం చేయాలి.

నమూనాను ఆరబెట్టి, జల్లించి, తూచి, మూతపెట్టిన డబ్బాలో గామా కిరణాల శక్తిని కొలిచే జెర్మేనియం డిటెక్టర్‌పై ఉంచి, సీజియం-137ను సూచించే 662 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల శిఖరాన్ని లెక్కించాలి. ఖాళీ డబ్బా రీడింగును తీసివేయాలి. అదే ఆకారపు డబ్బాలోని రేడియోధార్మికత ముందే తెలిసిన ప్రామాణిక నమూనాతో డిటెక్టర్ సామర్థ్యాన్ని నిర్ధారించి, ఫలితాన్ని మట్టి సేకరించిన తేదీకి సవరించాలి. ధూళిలోని మరో రేడియోధార్మిక పదార్థమైన స్ట్రాన్షియం-90 గామా కిరణాలను వెలువరించదు. దానికి రసాయనిక వేర్పాటు, బీటా కణాల లెక్కింపు అవసరం.

మట్టితోనే ఆగిపోవడం అక్కడి ప్రజలకు అన్యాయమని నా దృఢాభిప్రాయం. పగడపు నేలలో పొటాషియం చాలా తక్కువ కాబట్టి, దానిని పోలిన సీజియంను కొబ్బరిచెట్లు సులువుగా పీల్చుకుంటాయి. అందువల్ల అదే చోటి కొబ్బరినీ, కొబ్బరిని తినే కొబ్బరి పీతలనూ విడిగా కొలిచి, ప్రతి ఫలితాన్నీ కిలోకు బెక్వెరెల్‌లలో (సెకనుకు ఎన్ని పరమాణువులు క్షీణిస్తాయో తెలిపే ప్రమాణం), అనిశ్చితితో సహా నమోదు చేయాలి.