హోమియో లెక్క – 3వ పాఠం: సీసా మీద '30సీ' అంటే ఎంత?

ముందు పోయినసారి ఇంటిపని: 2సీ అంటే ఎన్నిట్లో ఒక వంతు మందు? ఒక వంతు మందు, 99 వంతుల నీళ్లు కలిపితే 1సీ. అందులోంచి ఒక వంతు తీసి మళ్లీ 99 వంతుల్లో కలిపితే 2సీ. రెండుసార్లే కదా అని 200లో ఒక వంతు అనుకోకండి. ఇది కూడిక కాదు, హెచ్చవేత. పదివేలలో ఒక వంతు.

ఈరోజు నేట్రం మూర్ తీసుకుందాం. పేరు చూసి కంగారుపడొద్దు, మన వంటింటి ఉప్పే. 58.5 గ్రాముల ఉప్పులో సోడియం, క్లోరిన్ జతలు సుమారు 6 పక్కన 23 సున్నాలు. నోట్సులో ఆ అంకె రాసుకుని, మెట్టుకి రెండు సున్నాల చొప్పున కొట్టేస్తూ రండి. 11సీ దగ్గర 60 జతలు ఉంటాయి. 12సీకి ఒక్కటి మిగలడమూ అనుమానమే. 30సీకి ఇంకా 18 మెట్లున్నాయి!

మన వైపు దీన్ని 'గోదాట్లో చెంచా ఉప్పు' అంటారు. నాకు ఆ పోలిక చాలదు. ధవళేశ్వరం దగ్గర కాదు, భూమ్మీది సముద్రాలన్నిట్లో ఆ చెంచాడు సమంగా కలిపినా 12సీ దగ్గరే ఆగుతాం.

హోమియో వైద్యాన్ని మొదలుపెట్టిన హానిమన్‌ని వెక్కిరించడానికి ఇది చెప్పడం లేదు. ఆయన పుస్తకం 'ఆర్గనాన్' 1810లో వచ్చింది. అణువుల సంఖ్యకి దారి చూపిన శాస్త్రవేత్త లోష్మిట్ అంచనా 1865ది, అప్పటికి హానిమన్ పోయి 22 ఏళ్లు. మన రాజమండ్రి హోమియో కాలేజీకి పేరిచ్చిన పాలకొల్లు అల్లు రామలింగయ్య గారూ హోమియో వైద్యం చేసినవారే. ఆ తీపి గోళీలు తినకుండా పెరిగిన పిల్లలు మా వీధిలో తక్కువ.

'మందు పోయినా నీళ్లకి గుర్తుంటుంది' అనే జవాబు ఒకటుంది. 1988లో ఫ్రెంచి శాస్త్రవేత్త బెన్వెనిస్త్ బృందం అలాంటి ఫలితమే 'నేచర్' అనే సైన్సు పత్రికలో ప్రచురించింది. తర్వాత పత్రిక పంపినవాళ్ల ఎదుటే, ఏ గొట్టంలో ఏముందో తెలియకుండా చేస్తే ఆ ఫలితం రాలేదు.

ఒక జాగ్రత్త: సీసా మీద 'మదర్ టింక్చర్' (పలచన చేయడం మొదలెట్టకముందు ఉండే అసలు మందు ద్రావణం) అనో '3ఎక్స్' అనో ఉంటే, మందేమీ మిగలదన్న ఈ మాట చెల్లదు, అందులో పదార్థం నిజంగానే ఉంటుంది.

ఇంటిపని: ఎక్స్ అంటే మెట్టుకి పదో వంతు. 6ఎక్స్, 3సీ రెండిట్లో ఏది పలచన? తొందరపడకుండా సున్నాలు లెక్కపెట్టండి. వచ్చే పాఠంలో అసలు చిక్కు: 'నాకు తగ్గింది కదండీ' అన్నవారికి ఏం చెప్పాలి?