విదేశీ బృందం రాకముందే సంఘ పెద్దలు మాట్లాడుకోవాల్సినవి

వానాకాలం వడ్లు కాంటా అయ్యి సెమీక్రిస్మస్ కూటములు మొదలయ్యేసరికి మా వైపు క్రైస్తవ సంఘాలకు విదేశాల నుంచి అతిథులు వస్తారు. కాజీపేటలో రైలు దిగి పరకాల, ములుగు, మహబూబాబాద్ పల్లెలకు వెళ్తారు. ప్రేమతో వచ్చేవాళ్లే ఎక్కువ. కానీ సంఘం ముందే జాగ్రత్త పడకపోతే, వాళ్లు వెళ్లాక మొదలయ్యే తగాదాలు ఏళ్ల తరబడి తెగవు. అందుకే పెద్దలు, కోశాధికారి నవంబర్‌లోనే ఒక సాయంత్రం కూర్చోవాలి.

మొదట వీసా. టూరిస్టు వీసా మీద వచ్చినవారు సువార్త సభల్లో ప్రచారం చేయకూడదు. పోస్టర్లు అచ్చుకు ఇవ్వకముందే ఏ వీసా మీద వస్తున్నారో అడగండి. ఎవరింట్లో దిగితే ఆ ఇంటివారు 24 గంటల్లోగా అతిథి వివరాలను విదేశీయుల నమోదు అధికారికి ఆన్‌లైన్‌లో పంపాలి. పాస్టర్ గారి ఇల్లయినా అంతే.

అసలు ప్రమాదం డబ్బు దగ్గర. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా మతసంబంధమైన పనికి విదేశీయుల డబ్బు తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ఒక సంస్థ తనకు వచ్చినదాన్ని ఇంకో సంస్థకు పంచే దారి కూడా మూసుకుపోయింది. పెద్ద సొసైటీ నుంచి ఊరి సంఘానికి నెలనెలా వచ్చే జీతం మీద బతికే సువార్తికుడి పరిస్థితి ఏమిటో ఇక్కడే ఆలోచించాలి. పాస్టర్ గారి సొంత ఖాతాకు పంపిస్తామంటే ఒప్పుకోకండి. అతిథి కవర్లో పెట్టి ఇచ్చేవి డాలర్లు కాకుండా రూపాయలైనా అది విదేశీ విరాళమే.

గల్ఫ్ సంగతి వేరు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి దుబాయ్, మస్కట్ వెళ్లినవాళ్లు మన పౌరులే. సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే కానుక విదేశీ విరాళం కిందికి రాదు. అయితే అక్కడి విదేశీయుల దగ్గర పోగుచేసిన చందాను తన పేరు మీద పంపడం మాత్రం తప్పే. మన పిల్లగాడు ఇబ్బందుల్లో పడకుండా ఈ తేడా ఫోన్లోనే విడమరిచి చెప్పండి.

ఇవి కాగితాల జాగ్రత్తలు. వీటికన్నా నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటుంది. అతిథులు “మీకేం కావాలి?” అని అడిగినప్పుడు ఎవరు జవాబిస్తున్నారు? చాలా చోట్ల ఇంగ్లీషు వచ్చిన ఒక్క మనిషి. వెనక బెంచీలో కూర్చున్న పెద్దమ్మకు అసలు ఏమడిగారో కూడా తెలియదు. అందుకే జవాబు ముందే సంఘంలో తీర్మానమై, తెలుగులో రాసి, చదివి వినిపించి ఉండాలి.

ఆ తీర్మానంలో ప్రతి వరుస పక్కనా ఒక ప్రశ్న వేసుకోండి: ఇచ్చినవాళ్లు వెళ్లిపోయాక దీన్ని ఎవరు నడుపుతారు? దాత పేరు చెక్కిన రాయితో చర్చి ముందు బోరు వేస్తారు. రెండో ఎండాకాలం మోటార్ కాలిపోతుంది. వైండింగ్‌కు ఎవరూ చెయ్యి కదపరు, అమెరికాకు మెయిల్ పంపి ఎదురుచూస్తారు. రాయి మీద పేరు మెరుస్తూనే ఉంటుంది, ఆడవాళ్లు బిందెలతో పక్క వాడకు పోతుంటారు. నీళ్లు వాడే ఇళ్లు నెలకు ఇంత అని మరమ్మతు నిధి వేసుకుని, దాని పుస్తకం ఒకరి దగ్గర, డబ్బు ఇంకొకరి దగ్గర ఉంచితేనే బోరుకు ఒప్పుకోండి. లేదంటే ఆ సాయం వద్దని మర్యాదగా చెప్పడమే మేలు.

సొంత కాళ్ల మీద నిలబడటం మనకు కొత్త కాదు. ఇంగ్లండులో హెన్రీ వెన్, అమెరికాలో రూఫస్ ఆండర్సన్ పంతొమ్మిదో శతాబ్దంలోనే మిషనరీ సంఘాల కార్యదర్శులుగా ఉండి, స్థానిక సంఘం తన్ను తానే పాలించుకోవాలి, పోషించుకోవాలి, విస్తరించుకోవాలి అన్నారు. మన మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌కు అది వేరే దారిలో వచ్చింది. 1903లో తమిళనాట తిరునెల్వేలి క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని ఈ ప్రాంతానికి పనివాళ్లను పంపారు. దాన్ని స్థాపించినవారిలో ఒకరైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. పేదవాళ్ల కానుకతో ఏమవుతుందని నిరుత్సాహపడేవాళ్లకు నేను చూపించేది ఈ చరిత్రే. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేసే అలవాటు, కోత పండుగకు ధాన్యం, కోడిపుంజు తెచ్చి వేలం పెట్టే అలవాటు ఇంకా ఉన్న సంఘాలు విదేశీ డబ్బు ఆగినా కుంగిపోవు. ఆ డబ్బాలు మీ ఊళ్లో అటకెక్కి ఉంటే ఈ డిసెంబర్‌కే దింపించండి.

హాస్టల్ పిల్లల్ని వరుసగా నిలబెట్టి ఫోటోలు తీసి, పేర్లు రాసి స్పాన్సర్లకు పంపడం ఆపేయాలి. ఆదరణ, రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని బాలల న్యాయ చట్టం కూడా ఒప్పదు. పిల్లల బాధను అమ్మి తెచ్చే డబ్బు ఏ పరిచర్యకూ అక్కర్లేదు.

లెక్కల గురించి అడిగితే నొచ్చుకునే కాపరులు (పాస్టర్లు) ఉన్నారు. “అయ్యగారూ, అనుమానంతో అడగట్లేదు” అని మెల్లగా మొదలుపెట్టి, బైబిల్లో రెండవ కొరింథీ ఎనిమిదో అధ్యాయం తీసి చదవమనండి. యెరూషలేము పేదల చందాను పౌలు ఒక్కడే చేతబట్టుకుని పోలేదు. ఎవరూ తప్పు పట్టకూడదని, సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంట పెట్టుకున్నాడు. అపొస్తలుడికే అక్కరైన జాగ్రత్త మనకు అవమానమెలా అవుతుంది? కానుకల సంచి ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, చిట్టాలో ఇద్దరూ సంతకం చేయాలి, నెలకోసారి ఆరాధన అయ్యాక రాబడి, ఖర్చు బిగ్గరగా చదవాలి. విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలైతే మార్చి 31తో ముగిసిన ఏడాదికి ఎఫ్‌సీ-4 రిటర్న్ (ఆ విరాళాల వార్షిక లెక్క) డిసెంబర్ 31లోపు దాఖలు చేయాలి. పండుగ హడావిడిలో మరిచిపోయేది సరిగ్గా ఇదే, కాబట్టి నవంబర్‌లోనే పంపించేయండి.

ఏడాది చివర దాతలకు నివేదిక పంపే సంఘాలు ఒక్క క్రమం మార్చుకోవాలి. ముందు తెలుగులో రాసి చర్చి గోడకు అంటించండి. రెండు ఆదివారాలు ఉంచి, సంఘస్థులు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాక, దాన్నే ఇంగ్లీషులోకి మార్చి వాళ్లకు పంపండి.